సాకెట్టులో మూడో కన్నం వెనక ఏముంది? పాత ఇంటికి వైరింగ్ మార్పించిన నా అనుభవం

తణుకు దగ్గర పల్లెలో అమ్మ ఉంటున్న ఇంటికి పాత వైరింగ్ మొత్తం తీయించి కొత్తది వేయించాం. ఇలాంటి పని పెట్టుకోవాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఎర్త్ గురించి నాకు అర్థమైన సంగతులు నలుగురికీ తెలియాలని నా కోరిక. నేను ఎలక్ట్రీషియన్ని కాను. పని చేసింది లైసెన్సున్న మేస్త్రి. ఆయన పక్కన నిలబడి చూసి, అడిగి, కాగితం మీద లెక్కలు వేసుకుని తెలుసుకున్నవే ఇవన్నీ.

ఇల్లు 1984లో కట్టింది. గోడల మీద టేకు బద్దలు కొట్టి, వాటి మీద వైర్లు పరిచి, రేకు క్లిప్పులతో బిగించిన బ్యాటెన్ వైరింగ్. కట్టినప్పుడు ఇంటి మొత్తానికి నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. ఆ అవసరానికి ఆ వైరింగ్ సరిపోయింది. తర్వాత ఫ్రిజ్, మిక్సీ, వాషింగ్ మిషను, గీజరు, ఏసీ ఒక్కొక్కటే వచ్చాయి. వచ్చినప్పుడల్లా ఉన్న బోర్డులోంచే ఇంకో వైరు లాగారు. లోడు పెరిగి ఫీజు పోయిందంటే ఇంకాస్త లావు ఫీజు వైరు చుట్టేవారు. మన ఊళ్లలో చాలా ఇళ్ల కథ ఇదే.

అమ్మ చెప్పిన ఒక్క మాటతో పని మొదలైంది. వాషింగ్ మిషన్లోంచి బట్టలు తీసేటప్పుడు చెయ్యి జిల్లుమంటోందట. అందుకని చెక్క పీట వేసుకుని దాని మీద నిలబడి తీస్తోందట. అడిగితే మెకానిక్కు "కొత్త మిషన్లన్నీ అంతేనండి, చెప్పులేసుకోండి చాలు" అన్నాడట. పక్కింటి పిన్నిగారు కూడా అలాగే చేస్తారని తెలిసింది. నాకు భయం వేసింది. తడి నేల, తడి చేతులు, అరవై దాటిన మనిషి, మధ్యలో ఒక చెక్క పీట.

మిషను వెనక స్క్రూ మీద టెస్టర్ పెడితే వెలిగింది. మెయిన్ ఆపించి ఆ బోర్డు విప్పించాను. సాకెట్టుకి మూడు కన్నాలున్నాయి. కింద చిన్నవి రెండూ ఫేజ్, న్యూట్రల్. పైన ఉన్న పెద్దది ఎర్త్, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే దారి. ఆ పెద్ద కన్నం వెనక స్క్రూకి వైరే లేదు. ఇల్లంతా చూస్తే ప్రతి త్రీ పిన్ సాకెట్టూ అంతే. మూడు కాళ్ల ప్లగ్గు చక్కగా లోపలికి దిగుతుంది, మిషను చక్కగా తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. ఎర్త్ లేదన్న సంగతి ఏ వస్తువూ మనకి చెప్పదు. నలభై ఏళ్లు ఎవరికీ తెలియకుండా గడిచిపోవడానికి కారణం అదే.

మిషన్లో నిజంగా లోపం ఉందా అంటే లేదు. ఇప్పటి వాషింగ్ మిషన్లలో, కంప్యూటర్లలో కరెంటులోని రొదని వడగట్టే చిన్న ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. బాడీకి ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. ప్రవహించే కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. ప్రమాదమెక్కడంటే, రేపు లోపల నిజంగానే ఒక వైరు తెగి బాడీకి తగిలితే అప్పుడు తగిలేది 230 వోల్టులు. తాకేముందు ఇది ఉత్త జిల్లుమనడమా, అసలైన షాకా అన్నది మనిషికి తెలిసే దారి లేదు. అలవాటైపోయిన జిల్లు మనల్ని ఏమరుపాటులోకి తీసుకెళ్తుంది.

మొదట పిలిచిన ఎలక్ట్రీషియన్ ఒక సలహా ఇచ్చాడు. సాకెట్టు లోపలే న్యూట్రల్ నుంచి ఎర్త్ స్క్రూకి చిన్న వైరు ముక్క కలిపేస్తే జిల్లు పోతుందన్నాడు. నిజమే, పోతుంది. కానీ ఎక్కడో న్యూట్రల్ వదులై ఊడిందంటే, వస్తువు లోపలి నుంచి ఫేజ్ నేరుగా ఆ ముక్క గుండా బాడీ మీదికి వస్తుంది. జిల్లుమనే మిషను ప్రాణం తీసే మిషనవుతుంది. ఈ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. కుళాయి పైపుకి ఎర్త్ కలపడం కూడా అలాంటిదే. ఇప్పుడు పైపులు చాలావరకు ప్లాస్టిక్కే, భూమిదాకా ఏదీ వెళ్లదు. అతన్ని పంపేసి, ఊళ్లో అందరూ మంచివాడని చెప్పిన పెద్ద మేస్త్రిని పిలిపించాం.

ఆయన వచ్చీ రాగానే వైర్ల మాట ఎత్తలేదు. "ఇంట్లో ఏమేం వాడతారో, ఇంకా ఏమేం కొనబోతున్నారో రాయండమ్మా" అన్నారు. గదికో కాగితం పెట్టుకుని అమ్మా నేనూ కూర్చుని రాశాం. వాట్లని 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. గీజరు 2000 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, నాలుగుంపావుకి కాస్త పైన. ఎల్ఈడీ బల్బు 9 వాట్లు, దాని వాటా ఏమీ లేదు. ఇలా చూస్తే ఇంట్లో అసలు బరువు మోసేవి నాలుగైదు వస్తువులే. లైట్లెన్ని పెట్టుకున్నా దిగుల్లేదు. గీజరు, ఏసీ, వంటింటి సాకెట్లు, మోటారు, వీటికి మాత్రం ఎవరి లైను వాళ్లకి విడిగా డీబీ (ఇంటి లైన్లన్నీ చీలే పెట్టె) నుంచి రావాలి.

వైరు లావు అక్కడి నుంచి తేలింది. లైట్లకి, ఫ్యాన్లకి 1.5 స్క్వేర్ ఎంఎం, 16 ఆంపియర్ల సాకెట్లకి 2.5, గీజరుకీ ఏసీకీ 4, మీటరు నుంచి డీబీ దాకా 10. మేస్త్రి మాటల్లో ఇవి "ఒకటిన్నర వైరు, రెండున్నర వైరు, నాలుగు వైరు". అప్పుడప్పుడూ పాత అలవాటులో 3/20, 7/20 అని కూడా (తీగలెన్ని, ఏ గేజువి అని) అనేవారు. ఒకటిన్నర లైన్లకి 10 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చి), రెండున్నరకి 16, నాలుగుకి 20 పెట్టారు.

ఎంసీబీ విషయంలో నాకున్న అభిప్రాయం ఇక్కడే మారింది. అది టీవీనో ఫ్రిజ్‌నో కాపాడుతుందని అనుకునేదాన్ని. అది కాపాడేది గోడలో ఉన్న వైరుని. వైరు మోయగలిగిన కరెంటు కన్నా ఎంసీబీ అంకె తక్కువ ఉండాలి. అప్పుడే వైరు వేడెక్కకముందే అది పడిపోతుంది. మాటిమాటికీ పడిపోతోందని 10 తీసి 32 పెట్టిస్తే, అది మళ్లీ పడదు. గోడలో వైరు కాలుతుంది. పాతరోజుల్లో ఫీజుకి లావు వైరు చుట్టడం, ఇప్పుడు పెద్ద ఎంసీబీ పెట్టడం, రెండూ ఒకే తప్పు.

మేస్త్రి ఇచ్చిన మొదటి లెక్కలో లైట్ల బోర్డులకి ఎర్త్ వైరు లేదు. అడిగితే, "లైట్లకి ఎర్త్ ఎందుకమ్మా, ఎవరూ వేయించరు. వైరు ఖర్చు ఊరికే పెరుగుతుంది" అన్నారు. ఫ్యాను బాడీ లోహమే కదా మేస్త్రిగారూ, బోర్డు వెనక పెట్టె కూడా ఇనుపదే కదా అన్నాను. కాసేపు ఆలోచించి, "మీరన్నది నిజమే. ఒకసారి గోడ పూడ్చేశాక మళ్లీ వేయలేం. వేసేద్దాం" అన్నారు. ఆ మాటకి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ప్రతి పాయింటుకీ ఆకుపచ్చ ఎర్త్ వైరు వెళ్లింది. పెరిగిన ఖర్చు మొత్తంలో పెద్దదేమీ కాదు. పాయింటు లెక్కన ఇచ్చే కూలి అలాగే ఉంది, వైరు చుట్టలే కొన్ని ఎక్కువ పట్టాయి.

వైర్లు నేనే దగ్గరుండి కొన్నాను. చుట్ట 90 మీటర్లు. వైరు పొడుగునా ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె, సైజు అచ్చు వేసి ఉండాలి. మంట వ్యాపించకుండా ఆపే ఎఫ్ఆర్ రకం తీసుకున్నాం. రంగుల విషయంలో మేస్త్రి గట్టివారు. ఫేజ్ ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. ఒక దగ్గర ఎరుపు అయిపోయిందని కుర్రవాడు నలుపు లాగబోతే ఒప్పుకోలేదు. "పదేళ్ల తర్వాత ఇంకెవడో వచ్చి విప్పుతాడురా, నలుపని నమ్మి చెయ్యి పెడతాడు" అన్నారు. స్విచ్చి ఎప్పుడూ ఫేజ్‌లోనే ఉండాలన్నది కూడా ఆయన పట్టుదలే. న్యూట్రల్‌లో స్విచ్చి పెట్టినా లైటు ఆరుతుంది. కానీ హోల్డరులో ఫేజ్ అలాగే ఉంటుంది. ఆపాం కదా అని బల్బు మార్చబోయిన మనిషికి కరెంటు కొడుతుంది.

గోడలకి గాడులు కొట్టడం, పీవీసీ పైపులు దించడం, పెట్టెలు బిగించడం ఇల్లంతా దుమ్ము రేపే పని. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రెండు సంగతులు మాత్రం చెప్తాను. గాడి పూడ్చేముందు మీద జాలీ వేసి సిమెంటు కొట్టించాం, లేకపోతే అదే గీత వెంట గోడ పగులుతుంది. సిమెంటు కొట్టకముందే ప్రతి గోడకీ టేపు పెట్టి, నేల నుంచి ఎంత ఎత్తులో పైపు పోతోందో కనిపించేలా ఫోటోలు తీశాను. రేపు మేకు కొట్టాలన్నా, అల్మారా బిగించాలన్నా ఆ ఫోటోలే దిక్కు. వైరు లాగేటప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే, పైపు లోపల ఎక్కడా అతుకు ఉండకూడదు. అతుకు పడితే బోర్డులోనో, మూత తీసి చూడగలిగే పెట్టెలోనో పడాలి. వదులు అతుకు వేడెక్కుతుంది. ఆ వేడి ఎంసీబీకి తెలియదు, ఎందుకంటే కరెంటు మామూలుగానే ఉంటుంది.

ఎర్త్ గుంత పెరట్లో తవ్వించాం, గోడకి ఒకటిన్నర మీటరు దూరంగా, గిన్నెలు తోమే నీళ్లు పారే వైపు. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ కన్నాలు పెట్టింది, నిలువుగా దించారు. దాని చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస కల్లుప్పు, మళ్లీ బొగ్గు. బొగ్గు తేమని పట్టి ఉంచడానికి, ఉప్పు మట్టిలోకి కరెంటు సులువుగా పోవడానికి. పైన గరాటా పెట్టి, చిన్న సిమెంటు తొట్టి కట్టి మూత వేశారు. ఎండాకాలం అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. మాది గోదావరి కాలవల కింది నేల, తవ్వుతుంటేనే చెమ్మ తగిలింది. మేస్త్రి తెలిసిన కాంట్రాక్టరు దగ్గర ఎర్త్ టెస్టర్ తెచ్చి, భూమిలోకి పోయే కరెంటుకి అడ్డు ఎంతుందో కొలిస్తే 4 ఓంలు వచ్చింది. "బ్రహ్మాండం, ఇక దిగుల్లేదు" అన్నారు.

ఆ రాత్రి లెక్క వేస్తే దిగులు పోలేదు. ఈ భాగం దయచేసి నెమ్మదిగా చదవండి. మిషను లోపల ఫేజ్ బాడీకి తగిలిందనుకుందాం. 230 వోల్టులు, 4 ఓంలు. దారిలో మిగతా అడ్డంకులు వదిలేసినా భూమిలోకి పోయేది సుమారు 57 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దాని అంకెకి 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పోవాలి. 57కి అది పడుతుంది, కానీ లోపలి పట్టీ వేడెక్కి వంగడానికి కొన్ని సెకన్లు కావాలి. అన్ని సెకన్లూ బాడీలో కరెంటు ఉంటుంది. ఇప్పుడు మే నెలలో గుంత ఎండి, ఎవరూ నీళ్లు పోయక, 4 ఓంలు 15 అయ్యాయనుకోండి. 230ని 15తో భాగిస్తే 15.3 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఎన్ని గంటలైనా పడదు. ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, మిషను బాడీ మాత్రం ప్రాణాంతకంగా అలాగే ఉంటుంది. ఎర్త్ వేయించాం కాబట్టి భయం లేదని ధైర్యంగా ఉండే ఇళ్లు ఎన్నో!

దీనికి విరుగుడు ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో బయటికి వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని ఇది క్షణక్షణం కిరాణా కొట్టు పద్దు చూసినట్టు చూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఇంకో దారిన, అంటే ఎర్త్ ద్వారానో మనిషి ఒంట్లోంచో భూమిలోకి పోతోందన్నమాట. ఇళ్లకి వాడే 30 మిల్లీ ఆంపియర్ల రకం, అంత తేడా వస్తే 0.3 సెకన్ల లోపు రెండు వైర్లనీ తెంపేస్తుంది. తేడా ఇంకా ఎక్కువైతే 0.04 సెకన్లలోనే. గుండె లయ తప్పే ప్రమాదం ఆ స్థాయికి పైన కాబట్టే ఆ అంకె పెట్టారు. మన లెక్కలోని 15.3 ఆంపియర్లు దీనికి అవసరమైనదానికి ఐదు వందల రెట్లు. గుంత ఎండి వంద ఓంలైనా ఇది పడుతుంది.

అయితే ఆర్‌సీసీబీ ఉంటే ఎర్త్ అక్కర్లేదా? కావాలి. ఎర్త్ లేకపోతే లీకైన కరెంటుకి దారి ఉండదు, మనిషి తాకిందాకా ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు. తాకగానే పడుతుంది, ప్రాణం దక్కుతుంది, కానీ షాకు తగిలి తీరుతుంది. ఎర్త్ కూడా ఉంటే లోపం వచ్చిన క్షణమే, ఎవరూ తాకకముందే పడిపోతుంది. ఇంకో సంగతి, లోడు ఎక్కువైనా, ఫేజ్ న్యూట్రల్ రెండూ కలిసి షార్టైనా ఆర్‌సీసీబీ పట్టించుకోదు, ఎందుకంటే వెళ్లిందీ వచ్చిందీ సమానమే. అది ఎంసీబీ పని. ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ ఒకేసారి పట్టుకున్న మనిషిని రెండూ కాపాడలేవు. కాబట్టి మెయిన్ ఆపకుండా బోర్డు విప్పడం ఎప్పటికీ కుదరదు.

మర్నాడు మేస్త్రికి లెక్క చూపించాను. శ్రద్ధగా విన్నారు. ఒకటి కాదు, రెండు పెడదామని ఆయనే అన్నారు. లైట్లకొకటి, సాకెట్లకొకటి. గీజరు లీకై ఒకటి పడినా ఇల్లంతా చీకటి కాదు. ఒక్కోటి రెండు మూడు వేల రూపాయలు. ఇంత పనిలో ఆ ఖర్చుకి వెనకాడాల్సింది లేదు.

కరెంటు ఇచ్చిన రోజు పెద్ద టెన్షన్. అంతకుముందు 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్, అంటే వైర్ల తొడుగు కరెంటుని ఎంత బాగా ఆపుతోందో చూశారు. కనీసం 1 మెగా ఓం ఉండాలి, మాకు వందకి పైనే వచ్చింది. మెయిన్ వేశారు, రెండు ఆర్‌సీసీబీలూ నిలిచాయి. హాల్లో ఫ్యాను వేయగానే రెండూ టక్కున పడిపోయాయి. వంటింట్లో లైటు వేసినా అంతే. ఏ గదిలో ఏది వేసినా పడుతోంది, ఏదీ వేయకపోతే నిలుస్తోంది. కుర్రవాడు "ఆర్‌సీసీబీ తీసేసి డైరెక్టు ఇద్దామా?" అన్నాడు. చాలా ఇళ్లలో అక్కడే వీటి కథ ముగుస్తుంది. మేస్త్రి ఒప్పుకోలేదు. కుర్చీ వేసుకుని డీబీ ముందు కూర్చున్నారు.

"లీకైతే ఒకటే పడాలమ్మా. రెండూ పడుతున్నాయంటే న్యూట్రళ్లు ఎక్కడో కలిశాయి" అన్నారు. లైట్ల లైన్లో వెళ్లిన కరెంటు సగం సాకెట్ల న్యూట్రల్ గుండా తిరిగొస్తోందన్నమాట. ఇద్దరి పద్దూ తప్పుతుంది, ఇద్దరూ పడతారు. ప్లగ్గులన్నీ పీకించి, స్విచ్చులన్నీ ఆపించి, రెండు ఆర్‌సీసీబీలూ దించి, మల్టీమీటరు ఒక కాలు లైట్ల న్యూట్రల్ లింకు (నలుపు వైర్లన్నీ వచ్చి కలిసే పట్టీ) మీద, ఇంకో కాలు సాకెట్ల లింకు మీద పెట్టారు. కీమంది. అనకూడదు. ఇక ఒక్కో నలుపు వైరు లింకులోంచి విప్పుతూ వచ్చారు. పడగ్గది వైరు విప్పగానే కూత ఆగింది. ఆ గది బోర్డులో ఫ్యానుకీ సాకెట్టుకీ పక్కపక్కనే ఉన్న రెండు నలుపు వైర్లని కుర్రవాడు పాత పద్ధతిలో ఒకటిగా మెలితిప్పేశాడు. విడదీశాక ఏమేం వేసినా రెండూ నిలిచాయి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కూడా ఇదే తిప్పలు వస్తుందట. ఇన్వర్టర్ లైను న్యూట్రల్ విడిగా రాకపోతే ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది. లోపం దానిది కాదు, వైరింగ్‌ది.

వాషింగ్ మిషను వెనక అదే స్క్రూ మీద టెస్టర్ పెట్టాను. వెలగలేదు. టెస్టరే పాడైందేమోనని ఫేజ్ కన్నంలో పెట్టి వెలుగుతోందని చూసి, మళ్లీ స్క్రూ మీద పెట్టాను. ఈ అలవాటు మేస్త్రిది. టెస్టర్ వెలగలేదని ఆయన ఏదీ ముట్టుకోరు. ముందు వెలిగే చోట పరీక్షించి, తర్వాత కావలసిన చోట చూసి, మళ్లీ వెలిగే చోటికి వెళ్లి చూస్తారు.

డీబీ తలుపు లోపల ఏ ఎంసీబీ ఏ గదిదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ మీట ఉంటుంది, నొక్కితే పడాలి. పడకపోతే మార్చాలి. నెలకోసారి, పింఛను వచ్చిన రోజున నొక్కుతానని అమ్మ మాటిచ్చింది, నొక్కి నాకు ఫోను చేస్తోంది. కరెంటాఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టాం, ఏసీ పెట్టాక పాత లోడు సరిపోదు.

బోరు మోటారు దగ్గర పని ఇంకా మిగిలే ఉంది. ఆ కేబులు ప్రహరీ గోడ మీదుగా వేలాడుతూ పోతోంది, దాన్ని నేలలో పైపు వేసి దించాలి. ప్రస్తుతానికి మోటారు లైనుని కూడా సాకెట్ల ఆర్‌సీసీబీ కిందికి తెచ్చి, స్టార్టర్ పెట్టెకి ఎర్త్ కలిపారు. తవ్వకం సంక్రాంతి తర్వాత, నేల కాస్త గట్టిపడ్డాక పెట్టుకుందామని మేస్త్రి అన్నారు.